అమెరికాలో మొదటిసారి సరుకులు కొనడం ఎలా: కిరాణా కొట్టు అలవాటుతో వచ్చేవాళ్ల కోసం

మూసాపేటలో మా సందు చివర ఒక కిరాణా కొట్టు ఉండేది. నాకు ఏడేళ్లున్నప్పటి నుంచి అక్కడికి ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. అమ్మ చెప్పింది అప్పజెప్తే చాలు, "కందిపప్పు అరకిలో, పోయినసారిది ఉడకలేదట, వేరేది ఇమ్మంది, చింతపండు పావుకిలో, ఖాతాలో రాసుకోమంది." ఏ కందిపప్పు ఉడుకుతుందో కొట్టు అంకుల్‌కి తెలుసు, మా ఇంట్లో ఏ టీ పొడి వాడతారో తెలుసు, నెల ఎప్పుడు మారుతుందో కూడా తెలుసు. కూరగాయలకైతే ఆదివారం ఎర్రగడ్డ రైతు బజారు. అక్కడ బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి, అయినా చివర్లో రెండు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో సంచిలో పడకపోతే అమ్మ కదిలేది కాదు.

ఎమ్మెస్ కోసం టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ వచ్చిన మూడో రోజు ఒక పెద్ద షాపులోకి వెళ్లాను. పాల దగ్గరే ఒక గోడంతా ఫ్రిజ్‌లు. గంటన్నర తిరిగినా ఏది తీసుకోవాలో తేలలేదు, అడుగుదామంటే ఎవరూ లేరు. తర్వాత చాలా కాలానికి నాకు అర్థమైన విషయం ఒకటే. మన దగ్గర కొట్టు అంకుల్, కూరగాయల బండివాళ్లు, అమ్మ ముగ్గురూ కలిసి చేసే పని ఇక్కడ మన ఒక్కళ్ల మీద పడుతుంది. ఎంచడం, తూచడం, ధర పోల్చడం, ఎప్పుడు అయిపోతుందో ముందే ఊహించడం, అన్నీ మనమే. ఆ పని నేర్చుకుంటే సరుకులు కొనడం ఏమంత కష్టం కాదు. ఆగస్టులోనో జనవరిలోనో కొత్తగా వస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను ఫోన్లో మళ్లీ మళ్లీ చెప్పేవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది డాలస్ చుట్టుపక్కల ఊళ్లు (ఇర్వింగ్, రిచర్డ్‌సన్, ఆర్లింగ్టన్, డెంటన్) కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

1. పని పెట్టె సర్దేటప్పుడే మొదలవుతుంది

పెట్టెలో బియ్యం, పప్పులు పెట్టకండి. పప్పులు ఇక్కడ దొరుకుతాయి, బరువు దండగ. బియ్యమైతే అసలు రానివ్వరు. నిల్వ ధాన్యాన్ని పాడుచేసే ఖాప్రా బీటిల్ అనే పురుగు ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది, అందుకని ఇండియా నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. కరివేపాకు కూడా అంతే. నిమ్మజాతి చెట్లకి సోకే గ్రీనింగ్ అనే తెగులును మోసే పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది, కాబట్టి ఒక్క రెబ్బ కూడా వద్దు. పండ్లు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. మీ విమానం దుబాయ్ లాంటి గల్ఫ్ ఊళ్ల మీదుగా వస్తుంటే గసగసాలు అసలు ముట్టుకోకండి. యూఏఈలో, సౌదీలో అవి నిషేధం, చిన్న పొట్లంతో కూడా పెద్ద చిక్కు రావచ్చు. మసాలా పొడుల్లో కలిపి ఉన్నాయేమో అమ్మని అడిగి మరీ చూసుకోండి.

తెచ్చుకోవాల్సింది ఇక్కడ దొరకని రుచి. ఇంట్లో పట్టించిన కారం, కంది పొడి, నల్లకారం, సాంబారు పొడి, ఆవకాయ. ఆవకాయని రెండు మూడు కవర్లలో గట్టిగా ప్యాక్ చేయించండి, నూనె బయటికొస్తే బట్టలన్నీ పోతాయి. ఒక మూడు లీటర్ల కుక్కర్, దానికి అదనంగా రెండు గాస్కెట్లు. తినే వస్తువులు ఉన్నాయా అని ఎయిర్‌పోర్టులో అడిగితే ఉన్నాయనే చెప్పండి. పచ్చడి తెచ్చినందుకు జరిమానా పడదు, ఉండి కూడా లేదన్నందుకు పడుతుంది.

2. కొలతలు ముందు బుర్రలోకి ఎక్కించుకోండి

కిలోలు మర్చిపోండి. ఇక్కడ పౌండు, ఔన్సు, గాలన్. పౌండు అంటే దాదాపు 454 గ్రాములు, అరకిలోకి కాస్త తక్కువ. ఔన్సు 28 గ్రాముల పైచిలుకు, 16 ఔన్సులు ఒక పౌండు. పాల గాలన్ 3.78 లీటర్లు. ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి సంచి ఎక్కువగా 20 పౌండ్లది ఉంటుంది, అంటే 9 కిలోలు. ఇద్దరు రోజూ రెండుపూటలా అన్నం తింటే నెల రోజులకి కాస్త అటూ ఇటూగా సరిపోతుంది.

కూరగాయలు ఎక్కువగా పౌండు లెక్కన ఉంటాయి కానీ అన్నీ కాదు. కొత్తిమీర కట్ట లెక్క, మామిడిపండు, అవకాడో కాయ లెక్క, కొన్నిచోట్ల నిమ్మకాయలు కూడా కాయ లెక్కే. ధర చీటీ మీద ఏ లెక్కో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడకుండా సంచి నింపకండి.

3. ధర చీటీ చదవడం

మన దగ్గర ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది, పన్నులన్నీ అందులోనే, దానికి మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఇక్కడ ఎమ్మార్పీ అనే మాటే లేదు. ఒకే బియ్యం సంచి ఒక షాపులో ఒక ధర, రోడ్డు అవతల ఇంకో ధర, వచ్చే వారం మరో ధర, అంతా చట్టబద్ధమే. పైగా అరల మీద కనిపించేది పన్ను కలపని ధర. టెక్సస్‌లో బియ్యం, పాలు, గుడ్లు, కూరగాయలు, పండ్లు, పిండి లాంటి వంట సరుకుల మీద అమ్మకపు పన్ను లేదు. కూల్ డ్రింకులు, చాక్లెట్లు, వేడిగా వండి అమ్మే తిండి, సబ్బులు, పేపర్ ప్లేట్ల మీద ఉంటుంది, ఎక్కువ ఊళ్లలో 8.25 శాతం. వేరే రాష్ట్రానికి వెళ్తే లెక్క మారుతుంది. కాబట్టి చేతిలో సరిగ్గా 40 డాలర్లే ఉంటే 40 డాలర్ల సరుకులు బండిలో వేయకండి.

ఇప్పుడు అసలు విషయం. అర మీద పెద్ద అక్షరాల ధర కింద ఒక మూల చిన్నగా ఇంకో అంకె ఉంటుంది, ఔన్సుకి ఇన్ని సెంట్లు, పౌండుకి ఇంత అని. చూడాల్సింది దాన్నే. ఉదాహరణకి 32 ఔన్సుల పెరుగు డబ్బా 4 డాలర్లు, పక్కనే 6 ఔన్సుల చిన్న కప్పు 1 డాలర్ అనుకోండి. కప్పు చవగ్గా కనిపిస్తుంది కానీ ఔన్సు లెక్కన చూస్తే డబ్బాలో పన్నెండున్నర సెంట్లు, కప్పులో దాదాపు 17. అలాగని పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అని కూడా నమ్మకండి, ఆఫర్ ఉన్న వారంలో చిన్నదే చవక పడుతుంది. మన దగ్గర ఈ లెక్క అమ్మ బేరంతో తేల్చేది, ఇక్కడ బేరం లేదు, ఆ చిన్న అంకె మాత్రమే ఉంది.

బేరం స్థానంలో ఉన్నవి షాపు యాప్, అందులోని కూపన్లు, ఫోన్ నంబరుతో ఇచ్చే సభ్యత్వ ధర. యాప్ వేసుకుని నంబరు నమోదు చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు, డబ్బు కట్టక్కర్లేదు. చాలా షాపుల్లో కొత్త వారం ఆఫర్లు బుధవారం మొదలవుతాయి. కూపన్ యాప్‌లో ముందే నొక్కి పెట్టుకోవాలి, బిల్లింగ్ దగ్గర గుర్తొస్తే ఆలస్యమే.

మొదటి నెలల్లో ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చి చూస్తారు. అందరం చేశాం. కొత్తిమీర కట్ట కూడా కొనబుద్ధి కాదు. దయచేసి ఆ లెక్కతో కడుపు మాడ్చుకోకండి. కూరలు మానేసి నూడుల్స్ మీద రెండు నెలలు గడిపి నీరసపడ్డ పిల్లల్ని నేను కళ్లారా చూశాను. ఇక్కడి ఖర్చుని ఇక్కడి బడ్జెట్‌తోనే పోల్చుకోండి, బయట ఒక్కపూట తినే డబ్బుతో ఇంట్లో మూడు నాలుగు పూటల వంట అవుతుంది.

4. ఏది ఎక్కడ కొనాలి

ఒకే షాపులో అన్నీ కొనాలనుకోవడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. మన దగ్గర బియ్యానికి ఒక చోటు, కూరగాయలకి రైతు బజారు, టోకున మసాలా దినుసులకి బేగంబజార్ ఉన్నట్టే ఇక్కడా దేనికదే.

ఇండియన్ స్టోర్: సోనా మసూరి, కందిపప్పు, మినపగుళ్లు, ఇడ్లీ రవ్వ, చింతపండు, బెల్లం, ఇంగువ, కరివేపాకు, గోంగూర, మునక్కాయ, దొండకాయ, ఆవపిండి. వారాంతాల్లో కూరగాయలు తాజాగా దిగుతాయి, ఏ రోజు బండి వస్తుందో కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకోండి, చాలాచోట్ల మాట్లాడేది తెలుగే. ఉగాది ముందు వారం మామిడికాయలు, వేపపువ్వు కూడా దొరుకుతాయి. కానీ పాలు, గుడ్లు, ఉల్లిపాయలు, చక్కెర ఇక్కడే కొంటే తరచుగా ఎక్కువ పడుతుంది. ఇంకో జాగ్రత్త, పొడుల ప్యాకెట్ల మీద తేదీ చూడండి. సముద్రం దాటి వచ్చే సరుకు కదా, అర మీదికి చేరేసరికే సగం కాలం అయిపోయి ఉంటుంది. ఒకసారి ఒక షాపులో తేదీ చూడకుండా శనగపిండి కొని ఇంటికొచ్చి విప్పితే పురుగులు. రసీదు ఉంది కాబట్టి మార్చి ఇచ్చారు.

పెద్ద అమెరికన్ షాపులు, అంటే వాల్‌మార్ట్, క్రోగర్, టెక్సస్‌లో హెచ్‌ఈబీ లాంటివి: పాలు, గుడ్లు, పెరుగు, నూనె, చక్కెర, ఉప్పు, టమాటా, క్యాబేజీ, బంగాళదుంప, అరటిపళ్లు. ఆల్డీలో చాలా సరుకులు ఇంకా చవక. అక్కడ తోపుడు బండి తీయాలంటే పావు డాలర్ నాణెం పెట్టాలి, తిరిగి గొలుసు తగిలిస్తే నాణెం బయటికొస్తుంది, సంచులు మనవే తెచ్చుకోవాలి.

మెక్సికన్ షాపుల గురించి మనవాళ్లు చాలామందికి ఏడాది దాకా తెలియదు, అది నాకు నిజంగా బాధ. డాలస్ చుట్టూ ఇవి అడుగడుగునా ఉంటాయి. కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మకాయలు, టమాటా, ఉల్లి, బొప్పాయి, జామకాయలు, చింతకాయ, బెంగుళూరు వంకాయ, ఎండుమిర్చి, ఇవన్నీ వాళ్ల వంటలో కూడా ఉన్నవే, అందుకని తాజాగా ఉంటాయి, ధర కూడా తక్కువ. పచ్చిమిర్చిలో సెరానో అనేది మన కాయకి దగ్గర. హాలపేన్యో లావుగా ఉంటుంది, కారం తక్కువ, మిరపకాయ బజ్జీలకి చక్కగా సరిపోతుంది. చట్నీకి, తాలింపుకి అయితే సెరానో తీసుకోండి.

చైనీస్, కొరియన్, వియత్నామీస్ సరుకులు అమ్మే ఆసియా షాపులు: బీరకాయ, సొరకాయ, కాకరకాయ, తోటకూర, చామదుంప, అలసంద కాయలు, చేపలు. నీళ్ల తొట్టెల్లో బతికున్న చేపలు ఉంటాయి, చూపిస్తే తూచి, పొలుసు తీసి, ముక్కలు కోసి ఇస్తారు. మాంసాహారులకి చేపల విషయంలో ఇంత నమ్మకమైన చోటు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

చికెన్, మటన్‌కి హలాల్ షాపు వెతుక్కోండి. పెద్ద షాపుల్లో దొరికేది బ్రెస్ట్, థై, డ్రమ్‌స్టిక్ అని విడివిడిగా ప్యాక్ చేసినవి, మన పులుసుకి పనికొచ్చేలా ఎముకతో చిన్నగా కోసిన ముక్కలు ఉండవు. హలాల్ షాపులో "స్కిన్‌లెస్, కర్రీ కట్, చిన్న ముక్కలు" అంటే మన వీధి చికెన్ కొట్టులో కోసినట్టే కోసి ఇస్తారు. మేక మాంసం కావాలంటే మటన్ అనకుండా గోట్ అని అడగండి, ఇక్కడ ల్యాంబ్ అంటే గొర్రెపిల్ల.

టోకున పెద్ద ప్యాకెట్లు అమ్మే కాస్ట్‌కోకి సభ్యత్వం కావాలి, 2024 సెప్టెంబరు నుంచి మామూలు సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు. ఒక సభ్యత్వం మీద అదే చిరునామాలో ఉండే ఇంకొకళ్లకి కార్డు ఉచితంగా ఇస్తారు, కాబట్టి నలుగురు రూమ్మేట్లున్న ఇంట్లో ఇద్దరి దగ్గర కార్డులుంటే చాలు. ఉల్లిపాయల పెద్ద సంచి, నూనె, గుడ్లు, బాదం, టిష్యూ పేపర్లకి బాగుంటుంది. ఒక్కళ్లే ఉంటే మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి, అంత పెద్ద ప్యాకెట్లు కుళ్లబెట్టడం తప్ప ఏం చేయలేరు.

5. పేర్లు మారిపోతాయి, ఇవి గుర్తుపెట్టుకోండి

బెండకాయ ఇక్కడ ఓక్రా. వంకాయ ఎగ్‌ప్లాంట్, మన గుత్తి వంకాయకి పనికొచ్చే చిన్నవి మాత్రం ఇండియన్ ఎగ్‌ప్లాంట్ అని రాసి ఉంటాయి. క్యాప్సికం అంటే ఎవరికీ అర్థం కాదు, బెల్ పెప్పర్ అనాలి. ఆసియా షాపులో బీరకాయ మీద చైనీస్ ఓక్రా అని రాసి ఉంటుంది, దానికీ బెండకాయకీ సంబంధం లేదు. సొరకాయ ఓపో, కాకరకాయ బిట్టర్ మెలన్, ముల్లంగి డైకాన్, చామదుంప టారో.

కొత్తిమీరని సిలాంట్రో అంటారు, కొరియాండర్ అని అడిగితే ధనియాలు చూపిస్తారు. పక్కనే పార్స్‌లీ అని అచ్చం అలాగే కనిపించే ఆకు ఉంటుంది, ఒక ఆకు చిదిమి వాసన చూడండి, తేడా వెంటనే తెలిసిపోతుంది. నిమ్మకాయ అంటే లెమన్ అనుకుని పసుపుపచ్చ పెద్ద కాయలు కొనేస్తారు, పులిహోరకి ఆ రుచి రాదు. లైమ్ తీసుకోవాలి, అందులోనూ కీ లైమ్ అనే చిన్న కాయలు అచ్చం మనవే. మైదాకి దగ్గరగా ఉండేది ఆల్ పర్పస్ ఫ్లోర్. మొక్కజొన్న పిండి తెల్లది కావాలంటే కార్న్ స్టార్చ్ అనాలి, కార్న్ ఫ్లోర్ అంటే వేరే పిండి వస్తుంది. బటర్‌మిల్క్ మన మజ్జిగ కాదు, చిక్కగా ఉంటుంది, కేకుల్లో వాడతారు. ఉల్లిపాయల్లో ఎర్రవి తీసుకోండి, పసుపు రంగువి వేగితే తియ్యగా అయిపోతాయి.

6. పాలు, పెరుగు

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెరుగన్నం సరిగ్గా కుదరని రోజున ఇంటి మీద బెంగ రెట్టింపవుతుంది.

పాల డబ్బా మీద హోల్, 2 శాతం, 1 శాతం, స్కిమ్ అని ఉంటుంది. అది వెన్న శాతం. హోల్ మిల్క్‌లో 3.25 శాతం ఉంటుంది. మన ప్యాకెట్ పాలలో టోన్డ్ అంటే 3 శాతం, ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం. అంటే ఇక్కడ అన్నిటికన్నా చిక్కటిదని అమ్మే హోల్ మిల్క్ మన టోన్డ్ పాలకి కాస్త ఎక్కువ, అంతే. ఇంట్లో గేదె పాల పెరుగు తిని పెరిగినవాళ్లకి ఇక్కడ ఎంత తోడుపెట్టినా ఆ మీగడ రాదు, తప్పు మీ చేతిది కాదు. టీకి, పెరుగుకి హోల్ మిల్క్ మాత్రమే కొనండి. ఇవి పాశ్చరైజ్ చేసిన పాలు, తాగడానికి కాచక్కర్లేదు, పెరుగుకి మాత్రం కాచి గోరువెచ్చగా చల్లార్చాలి.

తోడుకి ప్లెయిన్ యోగర్ట్ కావాలి, వెనిలా కాదు. డబ్బా మీద లైవ్ కల్చర్స్ (అంటే పాలు తోడుకునేలా చేసే బతికున్న బ్యాక్టీరియా) అని ఉందో లేదో చూడండి. ఇండియన్ స్టోర్లలో దేశీ పెరుగు డబ్బాలు కూడా ఉంటాయి, ఒకటి కొంటే తర్వాత నెలల తరబడి ఆ తోడే నడుస్తుంది. చలికాలంలో ఇల్లు ఎంత వెచ్చగా అనిపించినా పెరుగు తోడుకోదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె అందులో పెట్టి రాత్రంతా వదిలేయండి. దోసె పిండి పులవడానికీ ఇదే ఉపాయం. ఓవెన్ తలుపు మీద చీటీ తప్పకుండా అంటించండి, మా రూమ్మేట్ ఒకసారి చూసుకోకుండా పిజ్జా కోసం ఓవెన్ వేడి చేసేసింది, లోపల ప్లాస్టిక్ మూత కరిగి ఇల్లంతా పొగ.

గుడ్లు మన దగ్గర బయట ట్రేలో ఉంటాయి కానీ ఇక్కడ అమ్మే ముందు కడుగుతారు, పెంకు మీది సహజమైన పొర పోతుంది. అందుకని కొన్నవెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

7. పచ్చ చుక్క ఉండదు

మన దేశంలో ఏ ప్యాకెట్ అయినా తిప్పి చూస్తే శాకాహారానికి పచ్చ చుక్క కనిపిస్తుంది. ఇక్కడ అలాంటి తప్పనిసరి గుర్తు లేదు. శాకాహారులు, గొడ్డుమాంసం తిననివాళ్లు వెనకాల ఉన్న దినుసుల పట్టీ చదవడం అలవాటు చేసుకోవాలి. జెలటిన్ అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది, జెల్లీ మిఠాయిల్లో, మార్ష్‌మాలోల్లో, కొన్ని రకాల పెరుగు కప్పుల్లో కూడా ఉంటుంది. లార్డ్ అంటే పంది కొవ్వు, మెక్సికన్ చిక్కుడు గింజల డబ్బాల్లో, టోర్టియాల్లో ఉండొచ్చు. టాలో అంటే ఎక్కువగా గొడ్డు కొవ్వు. చీజ్ మీద రెన్నెట్ (పాలు గడ్డకట్టడానికి వేసేది) అని ఉంటే అది దూడ పొట్ట నుంచి తీసినది కావచ్చు, వెజిటబుల్ రెన్నెట్, మైక్రోబియల్ అని ఉంటే పర్వాలేదు. సూప్ డబ్బాలో కూరగాయల బొమ్మ ఉన్నా చికెన్ బ్రాత్‌తో, అంటే చికెన్ ఉడికించిన నీళ్లతో చేసింది ఉంటుంది. వీగన్ (జంతువుల నుంచి వచ్చేదేదీ కలపనిది) అని రాసి ఉంటే ఈ టెన్షన్ ఏదీ ఉండదు.

తేదీల విషయం కూడా ఇక్కడే చెప్తాను. బెస్ట్ బై, సెల్ బై, యూజ్ బై అని రకరకాలుగా ఉంటాయి. పసిపిల్లల పాలపొడికి తప్ప వీటికి దేశమంతటికీ ఒకే నియమం లేదు, ఎక్కువగా నాణ్యత గురించి తయారీదారు వేసే అంచనాలు. ఒక రోజు దాటిందని పెరుగు పారేయకండి, వాసన, రుచి చూసి నిర్ణయించుకోండి. పాలు, మాంసం, చేపల విషయంలో మాత్రం తేదీకి కట్టుబడి ఉండండి.

8. బిల్లింగ్ దగ్గర, ఇది రెండుసార్లు చదవండి

చాలాచోట్ల మనమే స్కాన్ చేసుకునే మెషిన్లు ఉంటాయి. కూరగాయలకి బార్‌కోడ్ ఉండదు, చిన్న స్టిక్కర్ మీద నాలుగంకెల నంబరు ఉంటుంది. అరటిపండుది 4011. సేంద్రియమైతే ముందు 9 చేరి 94011 అవుతుంది. నంబరు కొట్టి, తూకం మీద పెడితే ధర వస్తుంది. స్టిక్కర్ లేకపోతే పేరు టైపు చేసి వెతకాలి, అందుకే పైన ఆ పేర్లన్నీ రాశాను.

ఇప్పుడు చాలా సీరియస్ విషయం. ఒక వస్తువు స్కాన్ కాలేదని తెలిసీ సంచిలో వేసుకోవడం, ఖరీదైన కూరగాయకి చవకదాని నంబరు కొట్టడం, స్టిక్కర్లు మార్చడం, ఇవన్నీ ఇక్కడ దొంగతనం కిందికే వస్తాయి. పైన కెమెరాలు ఉంటాయి. పోలీసులని పిలుస్తారు, కేసు అవుతుంది, ఆ కేసు వీసా మీద, తర్వాత ఉద్యోగం మీద పడుతుంది. ఎన్ని లక్షల అప్పు చేసి వచ్చామో ఆ నిమిషంలో ఎవరికీ గుర్తుండదు. ఎవరైనా స్నేహితుడు "ఏం కాదు, అందరూ చేస్తారు" అంటే అతనితో షాపుకి వెళ్లడం ఆ రోజుతో మానేయండి. నిజంగానే పొరపాటు పడే అవకాశం కూడా ఉంది, బండి కింది అరలో బియ్యం సంచి మర్చిపోవడం అందరికీ జరిగేదే. అందుకని మొదటి కొన్ని నెలలు మనిషి ఉన్న కౌంటర్‌కే వెళ్లండి, వరస పెద్దదైనా సరే. మెషిన్ దగ్గర ఏదైనా అర్థం కాకపోతే ఆగి, చెయ్యెత్తి అక్కడున్న ఉద్యోగిని పిలవండి. గుమ్మం దాటే వరకు రసీదు చేతిలోనే ఉంచుకోండి.

ఇంటికెళ్లాక కూడా రసీదు పారేయొద్దు. పాడైన వస్తువు తిరిగి తీసుకోవడంలో ఇక్కడి షాపులు చాలా ఉదారంగా ఉంటాయి. మన కొట్టులో "విప్పిన ప్యాకెట్ తీసుకోమమ్మా" అన్న మాట విని పెరిగాం కాబట్టి మొహమాటపడతాం. ఆ అవసరం లేదు, పాలు విరిగాయనో, పండ్లు లోపల కుళ్లాయనో చెప్తే చాలాసార్లు డబ్బు వెనక్కి ఇస్తారు. సంచుల విషయంలో రాష్ట్రాన్ని బట్టి నియమం, టెక్సస్‌లో ప్లాస్టిక్ కవర్లు ఇస్తారు, న్యూజెర్సీలో 2022 మే నుంచి పెద్ద షాపుల్లో ప్లాస్టిక్ కాదు కదా కాగితం సంచులు కూడా ఇవ్వరు. రెండు గుడ్డ సంచులు ఇంటి నుంచే తెచ్చుకోండి.

   

9. వారానికి ఒక్కసారే, కాబట్టి పట్టీ రాసుకోండి

తాలింపు వేస్తూ కరివేపాకు లేదని గుర్తొస్తే సందు చివరికి పరిగెత్తడం మన అలవాటు. ఇక్కడ కారు లేకుండా షాపుకెళ్లి రావడానికి రెండు గంటలు పట్టొచ్చు, డాలస్‌లో జులై ఎండకి నడిచి బియ్యం సంచి మోయడం జరిగే పని కాదు. అందుకని ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, ఏదైనా సగానికి వచ్చినప్పుడే రాయండి, అయిపోయాక కాదు. రూమ్మేట్లందరూ కలిసి వారానికి ఒకసారి వెళ్లండి, కారున్న సీనియర్‌తో వెళ్తే పెట్రోలు డబ్బులు అడక్కముందే ఇవ్వండి. బియ్యం, పప్పులు, నూనె, ఉల్లి, పాలు ఉమ్మడి, మాంసం, స్నాక్స్ ఎవరివి వాళ్లవి అని మొదటి రోజే తేల్చుకోండి. ఖర్చు ఎవరు పెట్టినా ఆ రోజే ఖర్చుల లెక్క పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఎక్కించండి, మూడు వారాలు ఆగితే స్నేహాలు చెడతాయి.

కూరగాయలు వారం నిలవాలంటే, కరివేపాకు రెబ్బల నుంచి దూసి, తడి పూర్తిగా ఆరాక, టిష్యూ పేపర్ వేసిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు వారాలైనా నల్లబడదు. పచ్చిమిర్చి తొడిమలు తీసి పెట్టాలి. కొత్తిమీర వేర్లతో ఉంటే గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. అల్లం వెల్లుల్లి ఒక ఆదివారం నూరి, ఐస్ ట్రేలో వేసి గడ్డకట్టించుకుంటే నెలంతా రోజుకో ముక్క. తురిమిన కొబ్బరి, మునక్కాయ ముక్కలు, గోంగూర ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో దొరుకుతాయి, తాజావి లేని చలికాలంలో అవే దిక్కు, పప్పులో వేస్తే పెద్ద తేడా తెలియదు.

మొదటి వారానికి నలుగురి ఇంటికి ఈ పట్టీ చాలు: సోనా మసూరి 20 పౌండ్ల సంచి ఒకటి, కందిపప్పు 4 పౌండ్లు, నూనె ఒక సీసా, అయోడిన్ ఉప్పు, పసుపు, ఆవాలు, జీలకర్ర, చింతపండు, ఎర్ర ఉల్లిపాయలు 5 పౌండ్లు, టమాటా 4 పౌండ్లు, బంగాళదుంప 5 పౌండ్లు, సెరానో మిరపకాయలు ఒక గుప్పెడు, కొత్తిమీర రెండు కట్టలు, కరివేపాకు ఒక ప్యాకెట్, బెండకాయ 2 పౌండ్లు, క్యాబేజీ ఒకటి, గుడ్లు 18, హోల్ మిల్క్ రెండు గాలన్లు, ప్లెయిన్ యోగర్ట్ పెద్ద డబ్బా ఒకటి, అరటిపళ్లు ఒక హస్తం, గిన్నెలు తోమే సబ్బు, చెత్త కవర్లు. కారం, పొడులు మీ పెట్టెలో ఎలాగూ ఉంటాయి. ఇంటికి చేరాక పాలు, గుడ్లు ముందు ఫ్రిజ్‌లోకి పంపించి, కరివేపాకు ఆరబెట్టి, పప్పుకి కుక్కర్ పెట్టేయండి.